ధర్మవరంలో నిశ్శబ్దమైన ఇల్లు

మా శారదకు నిద్ర కరువై నాలుగు నెలలు. బెంగళూరులో మా ఇంటి ముందు ఫ్లైఓవర్ కడుతున్నారు. పగలు కట్టింది రాత్రి పగలగొడతారు, మర్నాడు మళ్ళీ మొదలు. మాత్రలూ అయిపోయాయి, మంత్రాలూ అయిపోయాయి. ఏదైనా ప్రశాంతమైన చిన్న ఊరికి మకాం మార్చేద్దామని నేనే తేల్చేశాను.

"అమావాస్య పూట ఇల్లు చూడ్డానికి వెళ్ళడమేమిటండీ!" అంది శారద.

"నాకు అలాంటి పట్టింపుల్లేవు," అన్నాను గొప్పగా.

"సరే, వెళ్ళండి. అక్కడ నిద్ర పడుతుందని మీరంటే రేపే సామాను సర్దేస్తాను," అంది, ఎర్రబడ్డ కళ్ళు తుడుచుకుంటూ. ఆ భారమంతా నెత్తిన పెట్టుకుని పొద్దున్నే ప్యాసింజరెక్కాను.

పక్క సీట్లో పట్టుచీరల వ్యాపారి.

"యాడికి పోతాండారు సార్?"

"ధర్మవరం. నిశ్శబ్దమైన ఇల్లు వెతకడానికి."

ఆయన మొదలుపెట్టిన నవ్వు హిందూపురం దాటినా ఆగలేదు. "ఈ పొద్దయితే చానా బాగుంటాది లే సార్," అన్నాడు. పెద్దమనిషి దీవిస్తున్నాడనుకున్నాను.

మధ్యాహ్నానికి దిగి, స్టేషన్ బయట ఉగ్గాని, బజ్జీ తిన్నాను. అది తినేలోపు బండివాడు నా జీతం, కులం, మోకాళ్ళ నొప్పి అన్నీ రాబట్టేశాడు. అంతకు మించి ఊళ్ళో అలికిడి లేదు. నాగప్ప అనే ఆయన తన ఇంటి మేడమీది వాటా చూపించాడు. అబ్బ! వీధిలో చీమ చిటుక్కుమంటే ఒట్టు. వెంటనే ఇంటికి ఫోన్ చేశాను.

"వినిపిస్తోందా?"

"ఏమీ వినిపించట్లేదండీ."

"అదే నేను చెప్పేది!"

"రాత్రి ఈడే పండుకొని చూడండి సార్," అన్నాడు నాగప్ప. చాపమీద చచ్చినట్టు నిద్రపోయాను.

తెల్లారుతూనే పక్కింట్లో టకాటక్, టకాటక్ అని మొదలైంది. తర్వాత ఎదురింట్లో. కాసేపటికి వీధివీధంతా అదే మోత. గాభరాగా కిందికి దిగాను. నాగప్ప వేపపుల్లతో పళ్ళు తోముకుంటున్నాడు.

"ఏమిటయ్యా ఇది?"

"మగ్గాలు సార్."

"నిన్న లేవే!"

"నిన్న అమావాస్య. అమావాస్య నాడు మగ్గమెవరెక్కుతారు సార్?" అన్నాడు, నా చదువు మీదే అనుమానం వచ్చినట్టు.

ఒళ్ళు మండిపోయింది. శారదకు ఏం మొహం పెట్టుకుని చెప్పను? సాక్ష్యంగా ఉంటుందని ఆ మోతనంతా ఫోన్లో రికార్డు చేసి, "ఇదీ మన ప్రశాంతత," అని రాసి పంపి, రైలెక్కేశాను. పెనుకొండ దగ్గర ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. కోపం వచ్చిందేమో అనుకున్నాను.

హిందూపురం వచ్చాక తనే చేసింది. గొంతు బరువుగా ఉంది.

"అది వింటూ వింటూ సోఫాలోనే పడి నిద్రపోయానండీ. ఎన్నాళ్ళకు! ఇంకాస్త పొడుగ్గా రికార్డు చేయకపోయారా?"

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ప్రశాంతత గురించి దారి పొడుగునా నేను తయారుచేసుకున్న ఉపన్యాసం ఎవరికీ పనికిరాకుండా పోయింది. వెంటనే నాగప్పకు ఫోన్ చేశాను.

"ఇల్లు మాకే ఉంచవయ్యా."

"మరి మగ్గాల మోత సార్?"

"దానికోసమే. మా ఆవిడకు ఆ చప్పుడుకే నిద్ర పట్టింది."



"అట్లయితే ముందే చెప్తాండా సార్, తర్వాత నన్ను అనొద్దు. అమావాస్య నాడు అమ్మకు నిద్ర ఉండదు."