పటేల్ కారులో పలకని రేడియో

ఆ రోజుల్లో మనిషికి నాలుగు ముక్కల విద్య అబ్బితే చాలు, నడకే మారిపోయేది. నాకు అబ్బింది రేడియోలు బాగుచేసే విద్య. హైదరాబాద్‌లో ఆరు నెలలు నేర్చుకుని, నల్గొండలో ఒక రేడియో దుకాణంలో పనికి కుదిరాను. జేబులో ఎప్పుడూ ఒక టెస్టర్ ఉండేది (కరెంటు ఉన్న చోటుకి పోయినా లేని చోటుకి పోయినా అది పైకి కనబడాల్సిందే), చెవి వెనక పెన్సిల్ ఉండేది. ఇంట్లో నాయిన తప్ప అందరూ నన్ను ఇంజనీరనే అనుకునేవాళ్లు. నాయిన లెక్కలో మాత్రం నేను నాగలి వదిలేసి పారిపోయినవాణ్ణి. దుకాణం యజమానిని ఉస్తాద్ అని పిలిచేవాణ్ణి. ఆయన మాట్లాడేది తక్కువ, చూసేది ఎక్కువ. ఆ చూపుకంటే నాలుగు తిట్లు తినడమే నయమనిపించేది.

హాలియా దగ్గర ఒక ఊరి పటేల్‌కు నల్లటి కారు ఉండేది. దానికి రేడియో బిగించింది నేనే. మా దిక్కున అప్పటికి కారున్నవాళ్లే తక్కువ, ఇక కారులో రేడియో అంటే చెప్పాలా, జనం కారును వదిలేసి దాన్నే చూసేవాళ్లు. ఆ ఊరికి ఇంకా కరెంటు రాలేదు. ఊళ్లో రేడియో వినాలంటే ఆ కారు బ్యాటరీయే దిక్కు. దసరా పోయిన వారానికి డ్రైవరు ఆ కారును తెచ్చి మా దుకాణం ముందు ఆపాడు. వయసులో పెద్దవాడు కాబట్టి మామా అనేవాణ్ణి. రేడియో కాసేపు పలుకుతుందట, కాసేపు ఊరుకుంటుందట, చక్రం గుంతలో పడితే ఒక ముక్క పాడి మళ్లీ అలుగుతుందట. ఊడదీసి బల్లమీద మా బ్యాటరీకి తగిలిస్తే బ్రహ్మాండంగా పాడింది. కారులో బిగించినా పాడింది. ఉస్తాద్ చూస్తుండగా చేతులు దులుపుకున్నాను. కారు నల్గొండ దాటిందో లేదో మళ్లీ నోరు మూసుకుందట. రెండోసారి వచ్చినప్పుడు వాల్వులు మార్చాను, పాత టంకాలు కరిగించి కొత్తగా వేశాను. బల్లమీద పాట, కారులో మౌనం. నాకు మతి పోయింది.

మూడోసారి డ్రైవరు మామతో పటేలే వచ్చాడు. కేకలు వేస్తాడనుకున్నాను, వేయలేదు. హైదరాబాద్‌లో చదువుకుంటున్న తన బిడ్డ ఆ శనివారం సాయంత్రం ఆరుంబావుకు రేడియోలో పాడబోతోందని చెప్పాడు. పిల్ల వెంట తల్లి పోయిందట. పటేల్ తల్లికి మాత్రం కాళ్లు పడిపోయాయి, అంత దూరం తీసుకుపోలేరు. ఆ పిల్లకు పాట నేర్పిందే ఆవిడ. "మా అవ్వ పొద్దుమాపు గిదే అడుగుతాంది. జర చెయ్యి బిడ్డా" అన్నాడు పటేల్. అంత పెద్దమనిషి అంత మెల్లగా అడిగేసరికి చెవి వెనక పెన్సిల్ తీసి బల్లమీద పెట్టేశాను. ఉస్తాద్ నా సామాను పెట్టె తెచ్చి కారులో పెట్టాడు. "బండితోనే పో. గది పాడకుంటే ఇటు రాకు, మీ నాయిన నాగలి ఖాళీగనే ఉన్నది" అన్నాడు. ఆయన అంత పొడుగు మాట చెప్పడం నేను వినడం అదే మొదలు.

దారి పొడుగునా రేడియో కిక్కురుమనలేదు. మేము చేరేసరికి ఊరు ఊరంతా పటేల్ ఇంటి ముందు కూర్చుని ఉంది. అవ్వను ఇద్దరు ఎత్తుకొచ్చి, గొంగడి మడతపెట్టి, కారు ముందు సీట్లో కూర్చోబెట్టారు. నేను ఆవిడ కాళ్ల పక్కన తల దూర్చి, నా కాళ్లు బయటపెట్టి, వెల్లకిలా పడుకుని పనిలో దిగాను. బ్యాటరీ బాగుంది. తీగలు బాగున్నాయి. ఫ్యూజు గొట్టం మర విప్పి, లోపలి గాజు ముక్కను వెలుతురుకు పెట్టి చూశాను, తీగ తెగలేదు. అలాగే మళ్లీ పెట్టి బిగించాను (ఈ పని అప్పటికి ఐదోసారి). టైము ఆరు దాటింది. చెమట కళ్లలోకి దిగుతోంది. అప్పుడు డ్రైవరు మామ నా దగ్గర వంగి, కొంచెం నొచ్చుకున్నట్టు అన్నాడు.

"దీనికి నేనేం తక్కువ చేసిన? దసరా నాడు బండిల అన్నిటితోపాటు దీనికి గూడ జమ్మి పెట్టిన."

"యాడ పెట్టినవ్ మామా?"

"గా గాజు ముక్క గొట్టంల, అడుగుకు. దీని పానమంతా దాంట్లనే ఉన్నదని నువ్వే అంటివి గదా."

మా దిక్కున దసరాకు జమ్మి ఆకే బంగారం. పెద్దల చేతిలో పెట్టి దండం పెడతాం, ఇనప్పెట్టెలో పెట్టుకుంటాం, పనిముట్ల మీద పెడతాం. మామ భక్తిలో లోపం లేదు. పచ్చిగా ఉన్నన్ని రోజులు నలిగిన ఆకు సందుల్లోంచి కరెంటు ఎలాగో దూరింది. ఎండేసరికి అడ్డం కూర్చుంది. ఆ గొట్టం కారు తీగకే ఉండిపోయేది, అందుకే ఊడదీసిన రేడియో బల్లమీద పాడేది. నేను గాజు ముక్కను చూశానే గాని గొట్టం అడుగు ఏనాడూ చూడలేదు. రేడియో బిగించిన రోజు డాబుగా పాఠం చెప్పింది కూడా నేనే. ఇక ఎవరిని తిట్టేది?

గొట్టం విప్పి చిమటాతో ఆకును లాగాను. ఆ తొందరలో లోపలి స్ప్రింగు టప్పున ఎగిరి జనం కాళ్ల మధ్య పడి మాయమైంది. వెతకడానికి టైము లేదు. గొట్టం పక్కన పడేసి, ఫ్యూజుకు రెండు వైపులా తీగలు ఆనించి బొటనవేళ్లతో నొక్కిపట్టాను. వాల్వులు వేడెక్కడానికి అరనిమిషం పడుతుంది. ఆ అరనిమిషంలో నాకు నాగలి కనిపించింది, నాయిన కనిపించాడు, ఎద్దులు కూడా కనిపించాయి. మెల్లగా గురగుర మొదలైంది, తర్వాత ఎవరో పిల్ల పేరు చదివారు, ఆ తర్వాత పాట వచ్చింది. ఊరంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. నేను వదలడానికి లేదు, వేలు సడలితే పాట ఆగుతుంది.

అవ్వకు చెయ్యి కిందికి చాపితే అందింది నా తల. దానిమీద మెల్లగా తాళం వేయడం మొదలుపెట్టింది. అది నా తల అని ఆవిడకు తెలుసో లేదో నేను అడగలేదు. పటేల్ కారు తలుపు పట్టుకుని ఏడ్చాడని తర్వాత మామ చెప్పాడు. పాట అయిపోయాక అవ్వ, "మంచిగ పాడింది నా తల్లి" అంది. తర్వాత కిందికి వంగి, "నువ్వు ఇగ లే బిడ్డా, మెడ గుంజుతాంది గావచ్చు" అంది. ప్రాణం లేచొచ్చింది అంటారే, నాకు నిజంగా అలాగే అయింది. లేచి నిలబడితే నవ్వు ఆగలేదు, కళ్లలో నీళ్లు కూడా ఆగలేదు. దుకాణానికి తిరిగొచ్చాక ఉస్తాద్‌కు మాత్రం జమ్మి మాట ఎత్తకుండా స్ప్రింగు పోయిందని చెప్పాను. అది అబద్ధం కాదు కదా. ఆయన నన్ను కాసేపు చూసి, రిపేరుకొచ్చిన మరో రేడియో నా ముందుకు జరిపాడు.

ఆ పాట ఏమిటని ఇప్పుడు ఎవరైనా అడిగితే చెప్పలేను. పాటంతా నేను వేళ్లనే చూసుకుంటూ ఉన్నాను. తాళం మాత్రం వేసి చూపించగలను. నాలుగు దెబ్బలకొకసారి అవ్వ వెండి ఉంగరం నడినెత్తిన ఠంగుమని తగిలేది. అక్కడిప్పుడు వెంట్రుక కూడా లేదు, అయినా అప్పుడప్పుడూ ఊరికే తడుముకుంటుంటాను.