జోసెఫ్ గారి నలభై

మొండితనంలో మా కెజియా అక్కను మించినవాళ్లను నేను చూడలేదు. కొండాపూర్‌లో మా ఎదురు ఫ్లాటే ఆవిడది. సొంతూరు నరసరావుపేట. ఇరవై ఏళ్లుగా ఒకే ఆసుపత్రిలో నర్సు. రోగులు ఎంత విసిగించినా ఓర్చుకుంటుంది గానీ నేను మంచిమాట చెబితే మాత్రం చెవిన పెట్టదు.

శనివారం సాయంత్రం అయిందంటే కారు తీసుకుని పెట్రోల్ బంకుకు వెళ్లాల్సిందే. నాలుగు టైర్లలోనూ నలభై పాయింట్లు గాలి కొట్టించాల్సిందే. అది ఆవిడ భర్త జోసెఫ్ గారి అలవాటు. ఆయన పోయి రెండేళ్లయింది.

"ఒక్క వారం మానితే కొంపలు మునుగుతాయా అక్కా?" అని వెక్కిరించేదాన్ని.

"ఆయన చేసే పనుల్లో నాకు చేతనైంది ఇదొక్కటే సౌజన్యా" అనేది.

మొన్న వానలో డ్యూటీ నుంచి వస్తూ కొత్తగూడ దగ్గర బ్రేకు వేస్తే కారు ఆగలేదు. జారుకుంటూ వెళ్లి డివైడర్‌కు జానెడు దూరంలో నిలబడింది. ఇంటికొచ్చి ఆ సంగతి నాకు చెప్పింది. నాకు భయమూ కోపమూ కలిసి వచ్చాయి. మర్నాడు నేనే లాక్కెళ్లినట్టు పోచయ్య టైర్ల షాపుకు తీసుకెళ్లాను.

పోచయ్య ఒకప్పుడు బాలానగర్ ఫ్యాక్టరీలో ఫిట్టరు. ముందు టైరు మీద అరచెయ్యి పెట్టి అడ్డంగా నిమిరాడు.

"అంచులు చూడున్రి, కొత్తగనే ఉన్నయి. నడుమ మాత్రం నున్నగైంది. గాలి ఎక్కువైతే నడుమ ఉబ్బుతది, అదొక్కటే రోడ్డుకు తాకి అరుగుతది. ఇగ వానల బ్రేకు ఎట్ల పడతది? ఎంత కొట్టిస్తున్రు?"

"నలభై అండి."

"నలభయ్యా! ఎవలు చెప్పిన్రమ్మ?"

"మావారండి." అక్క గొంతులో కోపం. "ఆయన నడిపినన్నాళ్లూ ఈ కారు ఒక్కసారి కూడా జారలేదు."

పోచయ్య టైరు మీంచి చెయ్యి తీశాడు. "సారు కొట్టిస్తుంటే మీరు చూసిన్రా?"

"చూడకేమండి? ఊరికి బయల్దేరినప్పుడల్లా పక్కనే ఉండేదాన్ని."

ఊరి పేరెత్తగానే ఆవిడ ముఖం వెలిగింది. వెళ్లేటప్పుడు అత్తగారూ, ఆడపడుచూ, ఆమె పిల్లలూ. వచ్చేటప్పుడు డిక్కీలో రెండు బస్తాల బియ్యం, కాళ్ల దగ్గర పచ్చడి జాడీలు. హైదరాబాదులో కొన్న బియ్యం జోసెఫ్ గారికి గొంతు దిగేది కాదట. చెబుతూ చెబుతూ పెద్దగా నవ్వేసింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో!

"మరి ఊరికి పోని వారాలు?"

"ఆయనొక్కరే బంకుకు వెళ్లొచ్చేవారండి. ఎంత కొట్టించేవారో..." అక్క ఆగిపోయింది.

పోచయ్య డ్రైవరు వైపు తలుపు తెరిచి అతికించిన కాగితం చూపించాడు. మామూలుగా ముప్పై మూడు. నిండా మనుషులూ సామానూ ఉంటే నలభై.

"సారు తప్పు చెయ్యలేదమ్మ. బరువు చూసి పెట్టిండు. ఇప్పుడు బండిల ఎందరు కూసుంటరు?"

"నేనొక్కదాన్నే."

"ఖాళీ బండికి నలభై ఎందుకమ్మ?" అన్నాడు మెల్లగా. రెండేళ్లుగా ఆవిడ రాని మనుషుల కోసం గాలి కొట్టిస్తోంది.

కొత్త టైర్లు వేశారు. ముప్పై మూడు పెడుతుంటే అక్క మొహం తిప్పుకుంది. చివరికి పోచయ్య డిక్కీలోంచి స్టెప్నీ టైరు పైకి తీశాడు. దాని కింద నాలుగు బియ్యపు గింజలు ఉన్నాయి.

"దీంట్ల గాలి శాన తగ్గింది. ఎప్పుడు కొట్టిచ్చిన్రు?"

"దాన్ని నేను ముట్టుకోలేదండి. మావారు కొట్టించిందే." అంటూనే అక్క గబుక్కున వాల్వు మీద చెయ్యి పెట్టింది. "ఆ గాలి తీసేయకండి."

పోచయ్య గాలి పైపు అందుకున్నాడు.

"తియ్యనమ్మ. సారు గాలి లోపల్నే ఉంటది, దానిమీదనే కొడత. స్టెప్నీకి జర ఎక్కువనే ఉండాలె. ఎంత పెట్టమంటరు?"

అక్క చెయ్యి తీసింది.

"నలభై అండి."