సూరన్న జీపీయస్ ఆపేసిన రోజు

క్షిపణి పరీక్ష ఉంది, రెండు రోజులు వేటకి వెళ్లొద్దని మార్కండి రేవులో మైకులో చెప్పారు. 2019 మార్చి నెల. సూరన్నకి కోపం కూడా రాలేదు. పడవ నడిపే ఏభై ఎనిమిదేళ్ల సరంగు. సముద్రం ఇలా మూతపడడం ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. పడవ ఎలాగూ ఒడ్డునే ఉంటుంది కదా అని, సరిగా పనిచేయని జీపీయస్ పెట్టెను సంచిలో వేసుకుని బరంపురం బస్సెక్కాడు.

అది బాగుచేసే వైకుంఠరావు సైన్యంలో రాడార్ల దగ్గర పనిచేసి వచ్చినవాడు. కొట్లో టీవీ మోగుతోంది. మన క్షిపణి ఆకాశంలో తిరిగే మన ఉపగ్రహాన్నే కొట్టి ముక్కలు చేసిందట.

"మనదాన్ని మనమే కొట్టుకోడమేటి బావూ?" అన్నాడు సూరన్న.

"కొట్టగలమని చూపించడానికి. సైన్యాలకి కళ్లూ చెవులూ ఇప్పుడు పైనే ఉన్నాయి సూరన్నా. మనవి ఎవడైనా ముట్టుకుంటే వాడివీ మిగలవని తెలియాలి. ఆ భయమే కాపలా."

"అవతలోలు కూడా అలాగే సూపిత్తే?"

"ఇంతకుముందే చూపించారు, మూడు దేశాలవాళ్లు."

సూరన్న బల్లమీద విప్పి ఉన్న తన పెట్టెకేసి చూశాడు. "మరైతే పైనుంచి నా పెట్టెకి దోవ సెప్పే ఉపగ్రహాలో? అయీ కొట్టీగలరా?"

"అవి చాలా ఎత్తులో ఉంటాయి, అంత తేలిక కాదు. కానీ కొట్టక్కర్లేదు. సిగ్నల్ చెడగొడితే చాలు, నీ పెట్టె గుడ్డిదైపోతుంది." పెట్టె మూత బిగించి ఇచ్చేశాడు వైకుంఠరావు.

బస్సులో సూరన్న నిద్రపోలేకపోయాడు. పదిహేనేళ్లుగా ఆ పెట్టె చూపిన చోటే వల వేస్తున్నాడు.

నాలుగో రోజు పొద్దున్నే, ఒడ్డు కనిపించేంత దూరంలో ఉండగానే, పెట్టె ఆపేశాడు.

"ఏటైంది మావా?" అన్నాడు ఇంజను దగ్గరున్న పోతయ్య.

"ఏటీ అవనేదు. ఇయ్యాల మా అయ్య సూపిన గురుతులతో ఎల్దారి."

తండ్రి తవిటయ్య నేర్పినవాటిలో సూరన్నకి మిగిలిన గుర్తు ఒక్కటే. దూరపు కొండ కొమ్మూ, ఒడ్డున మూడు తాడిచెట్లూ ఒకే వరసలోకి వస్తే అడుగున రాళ్లుంటాయి, రాళ్ల చుట్టూ చేప ఉంటుంది. కొండ మంచులోంచి లీలగా కనబడింది. తాడిచెట్లు లేవు. ఫైలిన్ తుపానులో కూలిపోయాయని సూరన్నకి తెలుసు. తెలిసీ వాటికోసమే వెతికాడు. ఒడ్డంతా ఒకే ఎత్తు సరుగుడు తోట. తాడుకి సీసం గుండు కట్టి దింపాడు. రాయి తగలాల్సిన చోట మెత్తటి బురద అంటుకొచ్చింది.

మూడు గంటలు తిరిగారు. చమురు సగమైంది.

"పెట్టె ఎయ్యి మావా, నీకు దండమెడతాను," అన్నాడు పోతయ్య.

మళ్లీ పెట్టె వేశాడు. రాళ్లు మూడు మైళ్లు ఉత్తరాన ఉన్నాయి. అక్కడికి వెళ్లేసరికి ఎండెక్కింది. వలలో నాలుగు కవళ్ల చేపలు, గుప్పెడు రొయ్య. పోతయ్య సూరన్నకేసి చూడకుండా వల మడిచాడు. అది తిట్టడం కన్నా కష్టంగా అనిపించింది సూరన్నకి.

"అందరికీ దోవ సూపే పెట్టె ఉంటే నీకెందుకీ అవస్త?" అంది భార్య కాసమ్మ, కంచంలో చేపలేని పులుసు పోస్తూ.

"మరిసిపోనానే," అన్నాడు. "మా అయ్య సెప్పిందంతా మరిసిపోనాను."

పెట్టెతోనే వేటకి వెళ్తున్నాడు. కానీ రాళ్ల మీద వల వేసిన ప్రతిసారీ లేచి నిలబడి ఒడ్డుకేసి చూస్తాడు. సెల్‌ టవరు కొండకి ఎటు పడిందో, నీళ్ల ట్యాంకు టవరుకి ఎంత ఎడంగా ఉందో పోతయ్యకి కూడా చూపిస్తాడు. పోతయ్య మొదట్లో నవ్వేవాడు. వానలు ముగిసేసరికి ఇద్దరూ కలిసి, పెట్టె ఆపేసి రెండు చోట్లు పట్టుకోగలిగారు.

పెట్టెలో ఉన్న పది చోట్లలో ఇంకా ఎనిమిది మిగిలాయి.

"ఒచ్చే ఏటికి సూద్దారి, ఓపిక నేదు," అన్నాడు సూరన్న, తడి వల భుజాన వేసుకుంటూ.