కాలర్‌బోన్ కేసు

రెండంకెల్ని నాలుగంకెలు చేయడం తెలిసినవాడికల్లా విమానం టికెట్టు దొరికిన రోజులవి. 1999 పోయి 2000 సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ వందేళ్లు వెనక్కి పోతాయని పెద్దపెద్దవాళ్లు భయపడేవారు. ఆ భయమే మాకు అన్నం పెట్టింది. అమీర్‌పేటలో మూడు నెలలు కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకున్న నాలాంటి తెనాలి కుర్రాడు కూడా సిడ్నీలో నిపుణుడిగా చెలామణీ అయిపోయాడు. ఇప్పుడు తలుచుకుంటే, అప్పట్లో నాకు తెలియని సంగతులు అన్ని ఉన్నాయా అన్న ఆశ్చర్యం కంటే, ఆ తెలియని సంగతుల మీద నాకున్న ధీమాని చూసి కలిగే ఆశ్చర్యమే ఎక్కువ. ఇరవై నాలుగేళ్ల వయసులో నాకు ఏ విషయంలోనూ ధర్మసందేహం రాలేదు. ఎవరిది తప్పో, ఎంత శిక్ష వెయ్యాలో టీ చల్లారేలోగా చెప్పెయ్యగలిగేవాణ్ని.

ఆఫీసు పారమట్టాలో, ఒక ఇన్సూరెన్స్ కంపెనీ నాలుగో అంతస్తు. కాపురం వెస్ట్‌మీడ్‌లో, రైలు పట్టాల పక్కన రెండు గదుల ఫ్లాట్. నాతో పాటు ఉండేవాడు హైదరాబాదు పాతబస్తీ వాడు, నాలాగే కోబాల్ బాపతు. నేను ఆయన్ని భాయ్ అనేవాణ్ని (వయసులో నాకంటే రెండేళ్లే పెద్ద, వంటలో మాత్రం ఇరవయ్యేళ్లు పెద్ద). మా ఇద్దరి పైన మేనేజరు ఒక ఆస్ట్రేలియన్. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. అందుకే ఆఫీసంతా ఆయన్ని ‘షార్టీ’ అని పిలిచేవాళ్లు. ఆ దేశంలో పొడుగువాణ్ని పొట్టీ అనడం ముద్దు అని నాకు తెలియదు. మొదటి రోజు ఎవరో ‘షార్టీ దగ్గరికెళ్లి ఫైలు తీసుకో’ అంటే, ఫ్లోరంతా తిరిగి అందరికంటే పొట్టిగా ఉన్నాయన్ని పట్టుకుని అడిగాను. ఆయన నాతో ఆ తర్వాత ఎప్పుడూ మాట్లాడలేదు.

సిడ్నీలో ఫుట్‌బాల్ అంటే మనమనుకునే కాలిబంతి కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చంకలో పెట్టుకుని ఒకడు పరిగెడతాడు, మిగిలినవాళ్లు మీదపడి వాణ్ని నేలకూలుస్తారు. రగ్బీ లీగ్. షార్టీకి అది ఆట కాదు, మతం. ఆయన కుర్చీ వెనక ఎర్రగళ్ల స్కార్ఫ్ ఒకటి ఏడాది పొడుగునా వేలాడేది. ఆయనకి ఎదురు నిలవగలిగిన మనిషి ఆఫీసులో ఒక్కరే. పేరోల్ సెక్షన్‌లో పనిచేసే అరవయ్యేళ్లావిడ. అందరూ ‘నాన్’ అనేవాళ్లు, అంటే అమ్మమ్మ. లంచ్ టైమ్‌లో ఊలు అల్లుకుంటూ మెత్తగా మాట్లాడుతుంది, కానీ ప్రత్యర్థి టీమ్‌కి ఆవిడ భక్తురాలు.

ఒక సోమవారం నేను వెళ్లేసరికి లంచ్ రూమ్ యుద్ధభూమిలా ఉంది. శనివారం మ్యాచ్‌లో షార్టీ వాళ్ల టీమ్ స్టారు, కొండలాంటి మనిషి, నాన్ వాళ్ల టీమ్ కుర్రాణ్ని దవడమీద ముంజేత్తో కొట్టాడు. పట్టుకోబోయి చెయ్యి పైకి పోయిందని ఒక వర్గం, కావాలని ఊపాడని ఇంకో వర్గం. కుర్రాడికి పంతొమ్మిదేళ్లు. దవడ విరిగింది. మర్నాడు సాయంత్రం లీగ్ క్రమశిక్షణ కమిటీ కూర్చుంటుంది. మూడు వారాల్లో సెమీఫైనల్. స్టారుని ఎన్ని వారాలు బయట కూర్చోబెట్టాలన్నది ప్రశ్న. కమిటీకంటే ముందు మనమే తేల్చేద్దామని ఎవరో అన్నారు. మరి జడ్జి ఎవరు? ఏ టీమ్ పట్లా ప్రేమ లేనివాడు కావాలి. అందరూ తల తిప్పి, పెరుగన్నం డబ్బా మూత తీస్తున్న నావైపు చూశారు.

వద్దనాలి కదా. అనలేదు. డబ్బా మూతపెట్టి, బల్లకి ఆ చివర కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

‘‘వాడు కాలు జారాడు మేట్,’’ అన్నాడు షార్టీ. ‘‘చెయ్యి దానంతటదే పైకి లేచింది. పదేళ్లుగా ఆడుతున్నాడు, ఒక్కసారి కూడా కమిటీ ముందుకి పోలేదు.’’

నాన్ అల్లిక ఆపకుండా అడిగింది. ‘‘ఆ చెయ్యి వాడిదేనా, అద్దెకి తెచ్చుకున్నాడా?’’

నేను గంభీరంగా ఇద్దరి వాదనా విన్నాను. జరిమానా చాలన్నవాళ్లని విన్నాను, జీవితకాలం గెంటెయ్యాలన్నవాళ్లని విన్నాను. అప్పుడు మా చిన్నప్పటి లెక్కల మాస్టారి గొంతుతో తీర్పు చెప్పాను. ‘‘దెబ్బ తిన్న కుర్రాడు మళ్లీ మైదానంలో దిగేదాకా కొట్టినవాడు బయట కూర్చోవాలి. ఒక్క రోజు తక్కువ కాదు, ఒక్క రోజు ఎక్కువ కాదు. కావాలని కొట్టాడా, కాలు జారాడా అన్నది విరిగిన దవడకి అక్కర్లేదు.’’

నాన్ పక్షం వాళ్లు బల్లలు చరిచారు. షార్టీ మాత్రం కోప్పడలేదు. వేళ్లు ముడుస్తూ నిదానంగా అడిగాడు. ‘‘ఒకడు పగబట్టి చెయ్యి ఊపాడనుకో, తగల్లేదు. వాడికి శిక్షే లేదా? ఇంకొకడు న్యాయంగా ఆడాడు, అవతలివాడి ఎముక బలహీనం. వాడు ఏడాది కూర్చోవాలా? అదీకాక, కుర్రాడికి నయమైనా వాళ్ల క్లబ్బు వాణ్ని దింపకుండా దాచిపెడితే?’’

మూడూ మంచి ప్రశ్నలే. ఇప్పుడైతే ఒక వారం గడువడుగుతాను. అప్పుడు, ‘‘అవన్నీ సాకులు,’’ అన్నాను. పక్కనున్న భాయ్ నా చెవిలో తెలుగులో గొణిగాడు. ‘‘నీ వీసా పొడిగింపు లెటర్ మీద దస్తకత్ చేసేటోడే ఆయన. జర సోచాయించు మియా.’’

‘‘న్యాయానికి వీసా ఏమిటి భాయ్,’’ అన్నాను. (ఈ మాట నిజంగానే అన్నాను. భాయ్ ఈనాటికీ పదిమందిలో గుర్తుచేస్తాడు.)

అసలు కమిటీ మర్నాడు వేసిన శిక్ష నా తీర్పుకంటే తక్కువ, షార్టీ ఆశించినదానికంటే ఎక్కువ. సెమీఫైనల్‌కి స్టారు లేనట్టే. షార్టీ ఆ వారమంతా నాతో పని మాటలు తప్ప ఇంకేం మాట్లాడలేదు. లెటర్ కోసం నేను పెట్టుకున్న వీసా దరఖాస్తు ఆయన బల్లమీద ట్రేలో ఉంది. రోజూ పొద్దున అటుగా నడిచి, అది ఎంత లోతున ఉందో చూసుకునేవాణ్ని.

శుక్రవారం ఆర్వో, అంటే మధ్యాహ్నం దాటాక, పార్కులో ఆఫీసు వాళ్ల బార్బీ, అంటే మాంసం కాల్చుకు తినే విందు, పెట్టారు. తిన్నాక రెండు జట్లుగా టచ్ ఫుటీ ఆడదామన్నారు. షార్టీ ఒక జట్టు, నేను ఇంకోటి. టచ్ ఫుటీలో బంతి పట్టుకున్నవాణ్ని చేత్తో తాకితే చాలు, వాడు ఆగిపోవాలి. పడగొట్టడాలు ఉండవు. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదని నేను చాలా ఏళ్లు చెప్పుకు తిరిగాను. నిజానికి నాన్ అందర్నీ నిలబెట్టి రెండుసార్లు చెప్పింది. ఆ సమయానికి నేను పొయ్యి దగ్గర ఏ సాసేజిలో ఏ మాంసముందో వాకబు చేస్తున్నాను.

ఇక్కడ నా పూర్వచరిత్ర కొంచెం చెప్పాలి. ఇంజనీరింగ్ హాస్టల్లో నేను చెడుగుడు ఆడేవాణ్ని. సన్నగా ఉండేవాణ్ని కాబట్టి భుజబలం పనికిరాదు. నా విద్యంతా ఒక్కటే, కూతకొచ్చినవాడి చీలమండ దొరకబుచ్చుకోవడం. ఒకసారి పట్టానంటే వదిలేవాణ్ని కాదు.

షార్టీ బంతి చంకలో పెట్టుకుని నావైపే వచ్చాడు. ఆయన మొహంలో కోపం లేదు. సోమవారం తర్వాత మొదటిసారి నన్ను చూసి నవ్వుతున్నాడు కూడా. నేను చెయ్యి చాచి తాకుతాననుకుని వేగం తగ్గించాడు. నాకు ఆయన మొహం కనబడలేదు, చీలమండ ఒక్కటే కనబడింది. నేలమీద పడి రెండు చేతులతో పట్టేశాను. ఆరడుగుల నాలుగంగుళాలు ఒక్కసారిగా నా మీదుగా కూలిపోయాయి. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడు వినపడింది.

నేనింకా చీలమండ వదల్లేదు. భాయ్ వచ్చి నా వేళ్లు ఒక్కొక్కటే విడదీస్తూ, ‘‘ఛోడ్ దే మియా, ఆయన అవుట్ అయ్యిండు. ఇగ లేవడు,’’ అన్నాడు.

నాన్ తన కారులో ఆయన్ని ఎమర్జెన్సీకి తీసుకెళ్లింది. వెనక సీట్లో నేను. దారంతా ‘సారీ’ అనే ఒక్క మాటని ఎన్ని రకాలుగా పలకవచ్చో అన్ని రకాలుగా పలికాను. కుడివైపు కాలర్‌బోన్, అంటే మెడకీ భుజానికీ మధ్య ఎముక, విరిగిందన్నారు, ఆరు వారాలు చెయ్యి కదపకూడదన్నారు. చేతికి పట్టీ వేసుకుని బయటికొచ్చిన షార్టీ నన్ను చూసి, ‘‘పట్టు బాగుంది మేట్. కానీ ఆట అది కాదు,’’ అన్నాడు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఆయన తిట్టి ఉంటే బావుండునని ఇంటికెళ్లాక కూడా అనుకున్నాను. శనివారం, ఆదివారం భాయ్ వండిన ఖుబానీ కా మీఠా కూడా ముట్టలేదు. తెనాలికి ఫోన్ చేసి, వచ్చేస్తున్నానని అమ్మతో చెప్పాలా, ఉద్యోగం పోయాక చెప్పాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

సోమవారం లంచ్ రూమ్‌లో బల్లకి ఆ చివర కుర్చీలో నాన్ కూర్చుని ఉంది. నన్ను ఎదురుగా నిలబెట్టారు. షార్టీ డాక్టరు మాట వినకుండా, పట్టీతోనే వచ్చి కూర్చున్నాడు.

నా తరఫున భాయ్ లేచాడు. ఇంగ్లిష్‌లోనే మొదలుపెట్టి, ఆవేశం పెరిగేకొద్దీ సొంత భాషలోకి జారిపోయాడు. ‘‘మై ఫ్రెండ్ ఈజ్ ఇన్నోసెంట్. మా దిక్కు కాలు పట్టుడు ఫౌల్ కాదు. కాలు పట్టినోనికి చప్పట్లు కొడ్తరు.’’

నాన్ మనవణ్ని అడిగినట్టు నన్నే అడిగింది. ‘‘నువ్వు చెప్పుకునేదేమైనా ఉందా, లవ్?’’

ఉంది. ఆ క్షణంలో నాకు ఎంత చెప్పుకోవాలనిపించిందో. నేను కావాలని చెయ్యలేదు, అలవాటు కొద్దీ జరిగింది, చెయ్యి దానంతటదే పోయింది... అని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాను. ఎక్కడో విన్న మాటల్లా ఉన్నాయి. వారం క్రితం ఇదే గదిలో షార్టీ వాళ్ల స్టారు కోసం చెప్పినవే. వాటిని సాకులన్నది నేనే. ‘‘నా తీర్పు ప్రకారమే చెయ్యండి,’’ అన్నాను.

అప్పుడు షార్టీ ఎడమచెయ్యి ఎత్తాడు. ‘‘నేనొప్పుకోను. పగతో కొట్టడం వేరు, నిర్లక్ష్యం వేరు, దురదృష్టం వేరు. మూడింటికీ ఎముక ఒకేలా విరుగుతుంది. అందుకే ఎముకనొక్కదాన్నే చూసి శిక్ష వెయ్యకూడదు. వీడిది పగ కాదు. అలాగని దురదృష్టమూ కాదు, రూలు చెబుతున్నప్పుడు సాసేజిలు లెక్కపెడుతున్నాడు. నిర్లక్ష్యం.’’

మనిషి తన ఎముక విరగ్గొట్టినవాడి తరఫున వాదించడం నేను అంతకుముందు చూడలేదు. నాన్ సూదులు కింద పెట్టి తీర్పు చెప్పింది. షార్టీ కోలుకునేదాకా నేను ఏ ఆటా ఆడకూడదు. అప్పటిదాకా ఆయన కుడిచెయ్యి నేనే. టైపు చెయ్యాలి, కాఫీ మొయ్యాలి, లేసులు కట్టాలి.

ఆ ఆరు వారాల్లో ఆయన చెప్పగా నేను టైపు చేసిన మొదటి ఉత్తరం నా వీసా లెటరే. గడువు ఇక వారమే ఉంది. షార్టీ కుర్చీలో వెనక్కి వాలి చెప్పాడు. ‘‘ఇతను కష్టపడి పనిచేస్తాడు. నిజాయితీపరుడు. పట్టిన పని వదలడు.’’ నా వేలు చెరిపే మీట వైపు పోవడం చూసి, ‘‘అది కొట్టెయ్యకు, దానికి సాక్ష్యముంది,’’ అన్నాడు. తర్వాత ఎడమచేత్తో సంతకం పెట్టాడు. కోడి సిరాలో కాళ్లు ముంచి కాగితం దాటినట్టుంది.

మూడో రోజుకి హెడ్డాఫీసు వాళ్లు దాన్ని తిప్పి పంపారు. సంతకం రికార్డుల్లో ఉన్నదానితో కలవడం లేదని, వివరణ కావాలని. కాగితం పట్టుకుని పేరోల్ సెక్షన్‌కి పరిగెత్తాను. నాన్ కళ్లజోడు సర్దుకుని, లెటర్ కింద తన గుండ్రటి దస్తూరీలో రెండు వాక్యాలు రాసింది. సంతకం మేనేజరుగారిదేనని, తన ఎదుటే పెట్టారని ఒకటి. అది వంకరగా ఉండటానికి కారణం స్వయంగా దరఖాస్తుదారుడేనని రెండోది.

వీసా వచ్చింది. (ఆ లెటర్ జిరాక్సు కాపీ ఇప్పటికీ నా దగ్గరుంది. ఇంట్లో ఎవరికీ చూపించను.) సంవత్సరం మారింది, కంప్యూటర్లు వందేళ్లు వెనక్కి పోలేదు, మేం మాత్రం అక్కడే ఉండిపోయాం. భాయ్ పెళ్లి చేసుకుని మెల్‌బోర్న్‌లో క్లైడ్ నార్త్ చేరాడు. నేను క్వేకర్స్ హిల్‌లో ఇల్లు కట్టుకున్నాను. ఆటలో శిక్షలేసే పద్ధతి కూడా చాలా మారింది. కెమెరాలు, రకరకాల కోణాలు, ఎంత పగ, ఎంత నిర్లక్ష్యం అని మెట్లు మెట్లుగా లెక్కలు. టీవీలో ఎవరైనా తలమీద కొడితే మా అమ్మాయి వెంటనే ‘‘టెన్ వీక్స్, డాడ్, ఈజీ,’’ అంటుంది. ఇంకోసారి స్లో మోషన్ చూద్దామమ్మా, అంటాను. నాకు నిదానమెక్కువని దాని ఫిర్యాదు.

పోయిన వేసవిలో షార్టీ మా ఇంటికి భోజనానికొచ్చాడు. రిటైరయ్యాడు, జుట్టు పూర్తిగా నెరిసింది, పొడుగు మాత్రం తగ్గలేదు. పులిహోర మూడోసారి వడ్డించుకుంటూ, మా అమ్మాయిని దగ్గరికి పిలిచి చొక్కా కాలరు పక్కకి లాగాడు. ఎముక అతుక్కున్నచోట చిన్న బొడిపె. దాని వేలు పట్టుకుని బొడిపె మీద పెట్టించి, ‘‘ఇది ఎవరి పనో తెలుసా? మీ నాన్నది,’’ అన్నాడు.

‘‘డాడ్? నో వే.’’ అది ఆయన ఎత్తు చూసింది. తర్వాత నా బట్టతల, నా పొట్ట, ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పాక విడిగా వడ్డించుకున్న నా ప్లేటు చూసింది. పదిహేనేళ్లలో అది నన్ను అంత గౌరవంగా చూడటం అదే మొదలు.

అది నిర్లక్ష్యమేనని, గొప్ప కాదని, శిక్ష కూడా అనుభవించానని, ఇప్పటికీ బాధగానే ఉంటుందని చెప్పాలి. అవన్నీ నిజాలే. చెబుదామనే నోరు తెరిచాను. ఈలోగా ఇరవై నాలుగేళ్ల తెనాలి కుర్రాడొకడు ఎక్కణ్నుంచి వచ్చాడో వచ్చి నా పొట్ట లోపలికి లాగి, వెన్ను నిటారుగా నిలబెట్టాడు.

‘‘అవునమ్మా,’’ అన్నాను. అంతకంటే ఒక్క ముక్క చెప్పలేదు.