రంగు గడిలో ఎదురింటి అక్క కొట్టేసిన మాట

మా ఎదురింటి అక్క పోయిన శుక్రవారం ఉదయం చనిపోయింది. ఈ తమిళ ఊళ్ళో, ఒర్లియంపేటలో మా రెండిళ్ళ మధ్య ఉన్నది ఒక ఇరుకు వీధి. ఆ వార్త వీధి దాటి రాకముందే, కుక్కలు పెంచేవాళ్ళ సంఘం వాట్సాప్ గ్రూపులో నాకు చేరింది. “పాలలాంటి తెల్లని రాజపాళయం జాతి స్వచ్ఛత కోసం జీవితాన్ని అంకితం చేసిన మహాతల్లి” అని సంఘం కార్యదర్శి రాశాడు. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు.

అది అబద్ధం. రాసినవాడికీ తెలుసు, చేతులు జోడించిన వాళ్ళకీ తెలుసు. నాకు డెబ్బై ఆరేళ్ళు. ఇక మొహమాటపడే వయసు కాదు కనుక జరిగింది రాస్తున్నాను.

రాజపాళయం కుక్క అంటే పొడుగాటి కాళ్ళు, గులాబి రంగు ముక్కు, ఒంటినిండా తెలుపు అని అందరికీ తెలుసు. అయితే అప్పుడప్పుడూ ఒక కాన్పులో ఒకటో రెండో గోధుమ మచ్చలతోనో నల్ల మచ్చలతోనో పుడతాయి. అవి ఏమవుతాయని ఎవరూ అడగరు. సంఘం సభ్యులు ముగ్గురు ఇంటికి వచ్చి, పిల్లల్ని చూసి, జాతిపత్రం ఇచ్చే రోజుకు అవి అక్కడ కనిపించకూడదు. కొందరు గోనెసంచిలో వేసి తేంగాయితిట్టు రేవులో పడవల దగ్గర వదిలి వచ్చేవారు. అంత దూరం వెళ్ళే ఓపిక లేనివాళ్ళకు పెరట్లో నీళ్ళతొట్టి ఉండేది.

అక్క పుట్టిల్లు రాజపాళయం వైపు. పెళ్ళై వచ్చేటప్పుడు వెంట ఒక తెల్ల కుక్క కూడా వచ్చిందట. భర్త పోయాక ఆ కుక్కలే ఆమె సంసారం. పొద్దున్నే రాగి సంకటి వండి, అరచేతి వెనక వైపు ఆనించి వేడి చూసి, ఆరాకే పెట్టేది. ఎదురుగా అరుగు మీద పుస్తకంతో కూర్చున్న నన్ను చూసి, “ఇంత చదివినావు గదా తమ్ముడూ, ఒక్క కుక్కకన్నా పనికొచ్చిందా?” అనేది. ఆమెకు తెలుగు అక్షరాలు రావు.

ఆమె పద్ధతి ఒకటి చెప్పాలి. పిల్లలకు నాలుగు వారాలు నిండాక, అవి ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నప్పుడు వెనక నిలబడి, స్టీలు పళ్ళెం మీద గరిటెతో ఒక్క దెబ్బ వేసేది. తల ఎత్తనిదానికి చెవుడు అని అర్థం. దాని మెడకు ఎర్రదారం కట్టి, తీసుకునేవాళ్ళకు ముందే చెప్పేది. కుక్కలు పెంచే మిగతావాళ్ళు ఇలా చెప్పేవారు కాదు. “పిలిస్తే రాదు, పొగరు ఎక్కువ” అని అంటగట్టేవారు.

ఆరేళ్ళ కిందట సంఘం తరఫున ఆమె ఇంటికి వెళ్ళిన ముగ్గురిలో నేనొకణ్ణి. ముదలియార్‌పేటలో నా ప్రెస్సు ఉండేది. సంఘం కాగితాలన్నీ నేనే అచ్చువేసేవాణ్ణి. వెళ్ళేసరికి తట్టలో ఎనిమిది పిల్లలున్నాయి. అయిదు తెల్లవి, మూడు మచ్చలవి.

“ఏందత్తా ఇది? మచ్చలవి ఇంకా ఈడే ఉండాయే!” అన్నాడు కార్యదర్శి.

“ఒకే కడుపున పుట్టినాయి. యాడికి పోతాయి?”

“మేము వచ్చే లోపల తీసేయాలని నీకు తెలీదా? ఇది జాతి విషయం. సుమ్మా ఊరికే ఆడే ఆటలు కాదు.”

“తెలుసు నాయనా. మా అత్త చెప్తే నేనే రెండు తూర్లు సంచి మోసినా. ఇంక మొయ్యను.”

లోపలికి వెళ్ళి పళ్ళెం తెచ్చింది. ఒక్క దెబ్బ. మచ్చల పిల్లలు మూడూ గబుక్కున లేచాయి. తెల్లవాటిలో మూడు లేచాయి. రెండు హాయిగా నిద్రపోతూనే ఉన్నాయి.

“చూడు. ఈ రెండిటికీ చెవులు వినపడవు, వీటికి పత్రం ఇస్తావు. ఆ మూడూ లేచి నీ మొగమే చూస్తాండాయి, వాటికేమో సంచి. ఇదేనా మీ సుద్ధం?”

“రూలు రూలే అత్తా.”

ఆమె ఫారం చేతిలోకి తీసుకుంది. దానిలో రంగు అన్న గడిలో ‘వైట్’ అని ముందే అచ్చయి ఉంటుంది. ప్రతిసారీ రాసే శ్రమ ఎందుకని అలా వేయించింది సంఘం, వేసింది నేను. అక్క పెన్ను అడిగి, మూడు ఫారాల మీద ఆ మాట కొట్టేసి, పక్కన తమిళంలో ‘మచ్చలు’ అని రాసింది. తర్వాత నా వైపు తిరిగింది.

“పిల్ల పుట్టకముందే రంగు అచ్చేసి పెట్టినావే తమ్ముడూ, నువ్వేమన్నా బ్రహ్మవా?”

వారం తిరగకుండా ఆమెను సంఘం నుంచి తీసేశారు. ఆమె పిల్లలకు ఇక పత్రాలు లేవు. పేరున్నవాళ్ళెవరూ ఆ గడప తొక్కలేదు. ఆమెను తీసేస్తూ పంపిన ఉత్తరం మీద మూడు సంతకాలున్నాయి. మూడోది నాది. కుక్క ఒంట్లో తెలుపు మరీ ఎక్కువై చెవి లోపలికి రంగు చేరకపోతే వినికిడి పోతుందని అంతకు చాలా ఏళ్ళ ముందే ఒక పుస్తకంలో చదివాను. ఆ వాక్యం కింద గీత కూడా గీశాను. గీసిన చేత్తోనే సంతకం పెట్టాను. కార్యదర్శిని తిట్టడానికి ముందు ఇది చెప్పడం న్యాయం.

ఆ ఉత్తరం అందిన మర్నాడు నేను తలుపు వేసుకుని కూర్చుంటే వీధి అవతలి నుంచి అక్క కేక వినిపించింది. “కాఫీ ఆరిపోతాండాది, రా!”

వెళ్ళి తల దించుకుని నిలబడ్డాను.

“నీ మీద కోపం ఉండాది. కాఫీ మీద లేదు. తాగు” అంది. ఆ కోపం ఎప్పుడు పోయిందో, అసలు పోయిందో లేదో ఆమె చెప్పలేదు. కాఫీ మాత్రం ఆరేళ్ళూ ఆపలేదు. అంత పెద్ద మనసును నేను చదివిన గొప్పవాళ్ళలోనూ చూడలేదు.

ఆ కాన్పులో రెండింటిని తనే ఉంచుకుంది. చెవుడున్న తెల్ల మగది, దాని చెల్లెలు మచ్చలది. మగది చెల్లెలి ఒంటికి ఆనుకునే పడుకునేది. అది కదిలితే ఇది లేచేది. “దీని చెవులు దాని తలకాయ మీద ఉండాయి” అనేది అక్క.

ఆమె పోయిన మూడోరోజు, కుక్కలు రెండూ నా దగ్గరే ఉన్నాయని తెలిసి, కార్యదర్శి కారులో మా ఇంటికి వచ్చాడు.

“తెల్లదాన్ని సంఘం తీసుకుంటాది మామా. మంచి లైను. పిల్లలకి వాడుకోవచ్చు. మచ్చలదాన్ని మీరే ఏదన్నా చూడండి.”

“దానికి చెవుడు.”

“ఆ సంగతి ఎవురికి తెలుసు మామా?”

“నాకు తెలుసు. రెండూ నా దగ్గరే ఉంటాయి. ఈ సంగతి రాస్తాను కూడా.”

అతను నవ్వాడు. “తెలుగులోనే గదా రాసేది? ఈ ఊర్లో ఎవురు చదువుతారు?”

నిజమే, ఇక్కడ తెలుగు మాట్లాడేవాళ్ళున్నారు గాని చదివేవాళ్ళు తక్కువ. అయినా రాశాను. అక్క తెల్లదనానికి కాదు, తట్టలో ఉన్న ఎనిమిదింటికీ అంకితమైంది.

నిన్న సాయంత్రం అరుగు మీద కూర్చున్నాను. కుక్కలు రెండూ నా కాళ్ళ దగ్గర పడుకున్నాయి. ఉన్నట్టుండి మచ్చలది చెవులు నిక్కించి లేచింది. ఆనుకున్న ఒళ్ళు కదిలేసరికి తెల్లది కళ్ళు తెరిచి, చెల్లెలి చెవులకేసి చూసి, అదీ లేచింది. నాకు ఏ చప్పుడూ వినపడలేదు. ఈ మధ్య నాకూ సరిగా వినపడటం లేదు. వాటిని చూసి నేనూ లేచాను. ఎదురింట్లో, చావుకు వచ్చి ఉన్న అక్క మేనకోడలు లోపలి నుంచి గొళ్ళెం తీస్తున్నట్టుంది. మేము ముగ్గురం గేటు దగ్గర నిలబడి, మెల్లగా తెరుచుకుంటున్న ఆ తలుపు వైపు చూశాం.