వినయంగా రాసిన నివేదిక

మొన్న శనివారం ఇక్కడ ఇంగ్లండులో మా పై ఫ్లాట్‌లో ఉండే కడప అతను, ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పదిహేనేళ్ళుగా పని చేస్తున్న మనిషి, లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చి, ఏడాదికొకసారి తన పని గురించి తానే రాసుకుని ఆఫీసుకు ఇవ్వవలసిన కాగితం ఒకటి ఉందనీ, అందులో ఇంగ్లీషు సరిగా ఉందో లేదో కాస్త చూసిపెట్టమనీ అడిగాడు. చూశాను. అది చదివితే ఆ కంపెనీ ఈయన భుజాల మీదే నిలబడి ఉందనీ, ఈయన నాలుగు రోజులు సెలవు పెడితే కూలిపోతుందనీ ఎవరైనా అనుకుంటారు. మరీ ఇంత డప్పు కొట్టుకోవాలా నాయనా అని నేను నవ్వితే, "ఇక్కడ ఇట్లే రాయాల అంకుల్. మనం రవ్వంత తగ్గి రాస్తే వాళ్ళు ఇంకా తగ్గించి చదువుతారు" అన్నాడు. నలభై ఏళ్ళవాడికి ఇంత తేలిగ్గా తెలిసిన సంగతి, ఆ వయసు దాటాక కూడా నాకు తెలియక, ఒక మంచి మనిషి జీవితకాలపు పనిని నా చేతులతోనే పాడు చేశాను.

మీలో నా ఈడువాళ్ళకు, ముఖ్యంగా మిషను కాంపౌండుల నీడన పెరిగినవాళ్ళకు, నేను చెప్పబోయేది వెంటనే అర్థమవుతుంది. మా నాన్న గుంటూరు వైపు ఒక పల్లెలో చర్చి ఉపదేశి. ఏడాదికోసారి పెద్ద సభల్లో తన పరిచర్య నివేదిక చదివేవాడు. ఎన్ని బాప్తిస్మాలు, ఎంతమంది సండే స్కూలు పిల్లలు, అన్నీ చెప్పి, చివర మాత్రం తప్పకుండా తాను అయోగ్యుడననీ, తన పనిలో లోపాలు లెక్కలేనన్ని ఉన్నాయనీ, పెద్దలు మన్నించి సరిదిద్దాలనీ తల వంచుకుని చదివేవాడు. అప్పుడు అధ్యక్షస్థానంలో ఉన్న పెద్ద పాస్టరు అయ్యగారు లేచి, ఉపదేశి గారు అలా అంటారు గానీ ఈ చుట్టుపక్కల ఆయనంత కష్టపడేవాడు లేడని అనేవారు. అందరూ చప్పట్లు కొట్టేవారు. తగ్గి మాట్లాడడం రాసేవాడి వంతు, పైకెత్తడం వినేవాడి వంతు. అలా పైకెత్తని అయ్యగారిని నేను మా దేశంలో ఒక్కరిని కూడా చూడలేదు.

మా ఆవిడకు లీసెస్టర్ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చి మేము ఈ దేశానికి వచ్చేనాటికి నేను అభిషేకం పొందిన గురువును, పదేళ్ళు బైబిలు పాఠశాలలో పాఠాలు చెప్పినవాడిని. ఇంటికి దగ్గరగా ఉన్న తెల్లవాళ్ళ చర్చికి వెళ్ళాను. గుమ్మం దగ్గర ఎంతో ఆదరంగా చేయి కలిపారు, ఏ దేశమని ప్రతి ఆదివారం అడిగారు, నా చదువు సంగతి విని చాలా సంతోషమన్నారు, తర్వాత కుర్చీలు సర్దేవాళ్ళ రోటాలో, అంటే వంతుల పట్టీలో, నా పేరు వేశారు. రెండేళ్ళు సర్దాను. అదీ పరిచర్యే అని నాకు నేనే చెప్పుకున్నాను, అబద్ధమని తెలిసే చెప్పుకున్నాను.

నన్ను పిలిచి పని ఇచ్చింది బస్సు డిపో వెనకాల ఉన్న నల్లవాళ్ళ సంఘం. దాని పెద్ద పాస్టరు జమైకాలో పుట్టి, కుర్రతనంలో ఓడెక్కి వచ్చి, వారమంతా సిటీ బస్సు నడిపి ఆదివారం ప్రసంగం చేసే మనిషి. నీకేం వచ్చు అని అడిగాడు. పాఠం చెప్పడం వచ్చన్నాను. సరే, శనివారం రా అన్నాడు. అంతే, వేరే ప్రశ్న లేదు. మనవాళ్ళు మాత్రం ఊరుకోలేదు. ఇంతింత చదువుకుని నల్లోళ్ళ చర్చిలో పాస్టరు గిరీ ఏమిటని మా ఆవిడ ముందే అన్న తెలుగువాళ్ళున్నారు. ఊరి చివర పేటలో పుట్టి, ఊళ్ళోవాళ్ళు మమ్మల్ని ఎంత దూరంలో నిలబెట్టారో కథలు కథలుగా చెప్పుకునే మా వాళ్ళే ఆ మాట అన్నారు. ఆ మాటను నేను ఇప్పటికీ క్షమించలేదు, గురువును గనుక క్షమించానని చెబుతుంటాను.

ఆ శనివారపు బడిని పాస్టరు గారే మొదలుపెట్టారు. వచ్చేవాళ్ళు బస్సు డ్రైవర్లు, ఆసుపత్రి క్లీనర్లు, ముసలివాళ్ళకు సేవ చేసేవాళ్ళు. స్కూలు చదువు సగంలో ఆగినవాళ్ళే ఎక్కువ. మొదటి ఏడు వాళ్ళను చిన్నపిల్లల సండే స్కూలులో నిలబెట్టేవారు. పసిపిల్లలకు చెప్పలేనిది పెద్దలకూ చెప్పలేవని ఆయన సిద్ధాంతం. రెండో ఏడు రోగుల ఇళ్ళకు పంపేవారు, మూడో ఏడు బైబిలు వాక్యం విడమరచి చెప్పడం నేర్పేవారు. అది ముగిస్తే మా క్రైస్తవ శాఖ ప్రధాన కార్యాలయం ఒప్పుకుని వాళ్ళకు ప్రసంగించే అనుమతి పత్రం ఇచ్చేది. పదకొండేళ్ళు అక్కడ చెప్పాను. పాఠశాలలో నేను నేర్చిన గ్రీకు కంటే, గంజి కాచి మంచం పక్కన కూర్చునే ఆ మనుషుల దగ్గర నేర్చిందే ఎక్కువ. ముఖ్యంగా ఆసుపత్రి వంటింట్లో పనిచేసే ఒకామె ఉండేది. మేమంతా సిస్టర్ అనేవాళ్ళం. పిల్లల కోసం రెండుసార్లు మానేసి మళ్ళీ చేరి, తొమ్మిదేళ్ళకు చివరి మెట్టు దాకా వచ్చింది. ఆ ఏటి ఎండాకాలంలో ఆమెతో కలిపి ఏడుగురు పత్రం అందుకోవాలి.

ఆ వసంతంలోనే ప్రధాన కార్యాలయంలోని విద్యా కమిటీ, ఏ సంఘపు బడికి పత్రాలిచ్చే హక్కు ఉంచాలో ఏ బడికి తీసేయాలో తేలుస్తామనీ, అందరూ నివేదికలు పంపాలనీ రాసింది. అంతకు ముందు పాస్టరు గారు అర పేజీ రాసి పంపేవారు. ఈసారి గట్టిగా రాయాలి, కాలేజీ చదువు చదివినవాడివి నువ్వే రాయి అని నాకు అప్పగించారు. నెల రోజులు కూర్చుని ఆరు పేజీలు రాశాను. అయిదు పేజీలు నిజంగా బాగా రాశాను. ఆరో పేజీకి వచ్చేసరికి మా నాన్న నా చేతిలోకి వచ్చాడు. మా బోధనలో ఎన్నో లోపాలున్నాయనీ, మా విద్యార్థులు అల్పజ్ఞానులనీ, మేము ఈ బాధ్యతకు తగినవాళ్ళం కామనీ, పెద్దలు మా కొరతలను మన్నించి దారి చూపాలనీ, వచ్చిన ఇంగ్లీషంతా కూడబెట్టి ఎంతో అందంగా రాశాను. రాసి మురిసిపోయాను కూడా. పాస్టరు గారు రెండు పేజీలు చదివి, నా భుజం తట్టి, మిగతాది చదవకుండా సంతకం పెట్టారు. ఆయన బస్సు డ్యూటీకి వేళయింది.

ఆరు వారాలకు జవాబు వచ్చింది. బడి తన పరిమితులను తానే ఇంత నిజాయితీగా ఒప్పుకున్నందుకు కమిటీ అభినందిస్తోందట. విద్యార్థులు అల్పజ్ఞానులనీ, బోధకులు తగినవారు కారనీ బడివారే తెలిపినందున పత్రాలిచ్చే హక్కును ఉపసంహరిస్తున్నారట. ఆసక్తి ఉన్నవాళ్ళు వేరే ఊళ్ళోని కాలేజీకి దరఖాస్తు చేసుకోవచ్చట. ఆ కాలేజీలో చేరాలంటే స్కూలు సర్టిఫికెట్లు కావాలి. మా ఏడుగురిలో ఒక్కరికీ అవి లేవు. అందుకే కదా మా బడి ఉన్నది!

పాస్టరు గారు ఉత్తరం చూశాక నా నివేదిక నకలు తెప్పించుకుని చివరిదాకా చదివారు. ఆయన చర్చి వంటగదిలో కప్పులు కడుగుతుంటే నేను వెళ్ళాను. ఆయన కోప్పడలేదు.

"మా గురించి నువ్వు ఇలాగే అనుకుంటున్నావా బ్రదర్?"

అయ్యో, అది మా దేశంలో మర్యాద అని చెప్పబోయాను. అలా రాస్తే పెద్దలు కాదు కాదని మెచ్చుకుంటారని చెప్పాను. చెబుతుంటే నాకే పిచ్చిమాటల్లా వినిపించాయి. ఆయన కప్పు తుడిచి పక్కన పెట్టి అన్నారు.

"ఈ దేశంలో దిగిన రోజు నుంచీ మాలో ఏదో తక్కువని వాళ్ళు చెబుతూనే ఉన్నారు. మాలో ఒకడి చేత రాయించుకోవడం మాత్రం ఇదే మొదలు."

మాలో ఒకడు అన్నారు. ఆ పూట కూడా నన్ను వేరు చేసి చూడలేదు. చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

నేను ప్రధాన కార్యాలయానికి వెళ్ళాను. కమిటీ అధ్యక్షుడు తెల్లటి జుట్టు ఉన్న నెమ్మదస్థుడు. టీ ఇచ్చాడు, బిస్కట్లు ఇచ్చాడు, మా సంస్కృతిలోని వినయం తనకెంతో ఇష్టమన్నాడు. వినయమని తెలిస్తే మరి హక్కు ఎందుకు తీశారని అడిగితే, లిఖితపూర్వకంగా ఉన్నదాన్ని తాము ఎలా కాదనగలమని చిరునవ్వు నవ్వాడు. అప్పుడు తెలిసింది, ఆయనకు నా ఆరో పేజీ అర్థం కాక కాదు, అవసరమై వాడుకున్నాడని. ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను. "మన ఊళ్ళో అయితే అయ్యగారు లేచి అబ్బే, అలా అనకండి అనేవోరు. ఇక్కడ లేచేదెవరండీ? కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది" అంది. అంతకంటే సరిగ్గా ఎవరూ చెప్పలేదు.

ఆ ఏడే బడి మూతపడింది. సిస్టర్ ఎన్నడూ ప్రసంగ వేదిక ఎక్కలేదు. ఉద్యోగం మానేసేదాకా ఆసుపత్రి వంటింట్లోనే ఉండి, పోయిన ఏడాది చలికాలంలో కన్నుమూసింది. పాస్టరు గారు అంతకు నాలుగేళ్ళ ముందే పోయారు. బతికినన్నాళ్ళూ ప్రతి క్రిస్మసుకూ ఎండుపళ్ళు వేసిన నల్లటి కేకు మా ఇంటికి తెచ్చి ఇచ్చేవారు, ఆ నివేదిక ఊసు మళ్ళీ ఎత్తలేదు. ఒక్కసారి నన్ను తిట్టి ఉంటే నాకు ఆ కేకు రుచి తెలిసేది.

ఇప్పుడు ఆ సంఘంలో మిగిలింది ముప్పైమందిమి, అందరం ముసలివాళ్ళమే. ప్రసంగం వేరే ఊరి నుంచి తెర మీద వస్తుంది. బోధకుడు ఎవరో చదువుకున్నవాడే, మంచివాడే, మా పేర్లు తెలియవు. నల్లజాతి సంఘాల నుంచి బోధకులు ఎందుకు రావడం లేదో తెలుసుకోవడానికి ప్రధాన కార్యాలయం ఈమధ్య కొత్త కమిటీ వేసిందని విన్నాను. విని నవ్వాను, ఆ నవ్వు చూసి మా ఆవిడ భయపడింది. ఈ దేశంలో ఒక బడి గురించి ఎలా రాయాలో నాకిప్పుడు బాగా తెలుసు. మా డ్రైవర్లూ క్లీనర్లూ వాక్యం చెబితే ఎంత పెద్ద చదువులవాళ్ళైనా కదలకుండా వినేవారని, ఈ శాఖలో మాకు సాటివచ్చే బడి లేదని, ఒక్క మాట తగ్గించకుండా రాయగలను, అదంతా నిజం కూడా. రాయడానికి బడి లేదు. చదవకుండా సంతకం పెట్టేంతగా నన్ను నమ్మిన మనిషీ లేడు.