మిగుల్చుకున్న అటెంప్టు

మొన్న మా అమ్మాయి బోర్డు పరీక్ష రాసి ఢిల్లీ మయూర్ విహార్‌లోని మా ఫ్లాటుకు వచ్చింది. ఎలా రాశావమ్మా అని నేను తెలుగులో అడిగితే, "సబ్ అటెంప్ట్ కర్ దియా నాన్నా" అని, అంటే అన్నీ అటెంప్ట్ చేసేశానని, హిందీలో చెప్పి ఫ్రిజ్ తలుపు తీసింది. దానికి ఆ మాట అంత తేలిక. నేను మాత్రం సోఫాలో కూలబడ్డాను. ఇన్నేళ్లయినా ఆ మాట వింటే నాకు అలసటే వస్తుంది.

రెండువేల సంవత్సరం దాటాక ఆ నాలుగైదేళ్లలో మీలో ఎవరైనా ఇదే ఢిల్లీలో బేర్ సరాయ్ ఇరుకు గదుల్లో సివిల్స్‌కు చదివి ఉంటే నేను విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ సందుల్లో కొత్త తెలుగు ముఖం కనబడితే పేరు, ఊరు కన్నా ముందు ఎన్నో అటెంప్టని అడిగేవాళ్లం. మొదటిదంటే టీ అతనే ఇప్పించాలి, మూడోదంటే పాపం మనమే ఇప్పించాలి. రిజర్వేషన్ లేని నాలాంటివాళ్లకు ఉన్నవి మొత్తం నాలుగు. ఫారం నింపినా పరీక్షకు వెళ్లకపోతే అది లెక్కలోకి రాదు, హాల్లో కూర్చుంటేనే ఒకటి తగ్గినట్టు. అందుకని చదువు సాగని ఏడాది ఇంటిపట్టున ఉండిపోయి, అటెంప్టు మిగుల్చుకున్నానని చెప్పుకోవడం మాలో పెద్ద తెలివితేటల కింద చెల్లేది. మా నాన్న మా ఊరి హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారు. ఆ మాటకు మేమిలా అంకెలు తగిలించడం ఆయనకు గిట్టేది కాదు. అటెంప్టంటే ప్రయత్నంరా అబ్బాయ్, దానికి ఒకటీ రెండూ ఏమిటి, మనిషి ఉన్నన్నాళ్లూ ఉంటుంది అని ఫోన్లో కసురుకునేవారు.

మా గదిలో ఇంకో ఆచారం ఉండేది. ఆఖరి అటెంప్టువాడికి కూలర్ ఎదుటి మంచం ఇవ్వాలి. అతను వంట చెయ్యక్కర్లేదు, నీళ్లు మొయ్యక్కర్లేదు. నాకు నాలుగోది వచ్చింది, వయసు ప్రకారం చూసినా అదే చివరిది. గదిలో నాతోపాటు ఉండే కరీంనగర్ అన్న, అప్పటికే తన నాలుగూ అయిపోయి కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పుకుంటున్నవాడు, తన మంచం నాకు వదిలి పొయ్యి పక్కన చాప వేసుకున్నాడు. మే నెల ఢిల్లీ వడగాలిలో ఆ మంచం వదులుకోవడమంటే ఏమిటో పడ్డవాళ్లకే తెలుస్తుంది. నేను మొహమాటపడితే, "నువ్వు సదువుకో తమ్మీ, గీ పనులన్నీ నేను జూస్కుంట" అనేవాడు.

ప్రిలిమ్స్ పరీక్షనాడు పొద్దున్నే ఉప్మా చేసిపెట్టి, స్టాపు దాకా వచ్చి బస్సెక్కించాడు అన్న. సెంటర్ ఒక స్కూలు. గేటు ముందు పరీక్షకు వచ్చినవాళ్లంతా ఆఖరి నిమిషం దాకా నోట్సు తిరగేస్తున్నారు. బెల్లు కొట్టారు, అందరూ లోపలికి వెళ్లారు, నేను వెళ్లలేదు. జ్వరం లేదు, బస్సు ఆలస్యం కాలేదు, హాల్ టికెట్టు జేబులోనే ఉంది. ఇప్పుడైనా ఉన్నమాట చెప్పేస్తాను, భయం. అంతకుముందు మూడుసార్లు పోయినప్పుడు ఇంకోటి ఉందిలే అని దులుపుకుని లేచినవాణ్ణి. ఈ గేటు దాటితే ఆ మాట అనుకోవడానికి కూడా ఏమీ మిగలదనిపించి ఇవతలే ఆగిపోయాను. ఎదురుగా నిమ్మకాయ నీళ్లమ్మే నింబూపానీ బండి నీడలో, రెండు పేపర్లూ అయ్యేదాకా, ఆ వేడిలో అలాగే కూర్చున్నాను. "అందర్ నహీ జానా, భాయీసాబ్?" అని బండి అతను రెండుసార్లు అడిగాడు, లోపలికి వెళ్లవా అని. సాయంత్రం పరీక్ష రాసి వచ్చే గుంపులో కలిసి బస్సెక్కి, అన్నకూ, ఫోన్లో నాన్నకూ, బాగానే రాశానని చెప్పాను. ఛీ, ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ అబద్ధం!

ఫలితాలనాడు నాన్న నా నంబరు చీటీ మీద రాసుకుని ఊళ్లో నెట్ సెంటరుకు వెళ్లారు. కళ్లజోడు తుడుచుకుంటూ ఆ జాబితా మూడుసార్లు చూశారట. వరుస తప్పి పడిందేమోనని ముందు పేజీలూ వెనక పేజీలూ తిప్పించారట. నేను ఎస్టీడీ బూత్‌లో రిసీవర్ పట్టుకుని తిట్టు కోసం ఎదురుచూస్తున్నాను, తిడితే బావుండునని కూడా ఉంది. ఆయన, "పోన్లేరా, బెంగెట్టుకోకు. నీ ప్రయత్నం నువ్వు చేశావు, నాకది చాలు" అన్నారు. చెప్పెయ్యాల్సింది అప్పుడే. నేను సరే నాన్నా అని ఫోను పెట్టేసి, నెల తిరక్కుండా నోయిడాలో ఉద్యోగం చూసుకున్నాను.

ఇప్పుడు అటెంప్టులూ పెంచారు, వయసూ పెంచారు. ఫలితం కోసం ఏ తండ్రీ నెట్ సెంటరుకు నడవక్కర్లేదు. ఈ కాలం పిల్లలు తమకు ర్యాంకు రాలేదన్న సంగతి వాళ్లే వీడియో పెట్టి నలుగురికీ చెప్పేసి ఇంకో పని చూసుకుంటున్నారు. వాళ్లను చూస్తే నాకు ముచ్చటగానూ ఉంటుంది, కుళ్లుగానూ ఉంటుంది. నాన్న పోయి ఆరేళ్లయింది. పోయేదాకా ఏ పెళ్లిలో ఎవరు కలిసినా, కొడుకు కలెక్టరైన తండ్రికి ఏమాత్రం తీసిపోకుండా, మావాడు సివిల్సు నాలుగుసార్లు రాశాడండీ అని నా భుజం మీద చెయ్యేసి చెప్పేవారు. పక్కన నిలబడి నేను తలూపేవాణ్ణి.

మూడుసార్లే నాన్నా, నేను రాసింది.